మిగిలిన ఒక్క ఇంజను



పాత దేవాలయమును కాపాడవలెనన్నచో ఎవరును కారణ మడుగరు. తాళపత్ర గ్రంథమును భద్రపరచవలెనన్నను అంతే. పాత ఆవిరి ఇంజనును ఉంచుదమన్నను జనులు సంతోషముతో నొప్పుకొందురు. ఏలయన దాని పొగయు, కూతయు, అగ్నిగుండమును చూచినవారి మనస్సున నిలిచిపోవును. కాని పాత డీజిలు ఇంజనును కాపాడవలెనన్నచో, "అది చక్రములుగల యినుపపెట్టె గదా! దాని కింత శ్రమ యేల?" అని యడుగువారే యెక్కువ. ఇంగ్లాండు దేశమున 1960 ప్రాంతములందు ఇంచుమించు అందరి యభిప్రాయమును ఇదియే. అందువలన అచ్చట ఏవేవి నశించినవో, నశింపవలసినది ఒకటి యెట్లు దక్కినదో నేడు మనవి చేసెదను.

ముందుగా ఈ యంత్రము పనిచేయు విధమును గూర్చి రెండు మాటలు. కాలువ గట్టున నీరు తోడు ఆయిలింజనును ఎరుగని పెద్దలు మనలో నుండరు. సిలిండరులోని గాలిని ముషలకము గట్టిగా అదిమినప్పుడు ఆ గాలి మిక్కిలి వేడెక్కును. ఆ వేడిగాలిలోనికి నూనెను సన్నని తుంపరగా చిమ్మినచో, నిప్పు తగిలింపకయే అది భగ్గున మండి ముషలకమును వెనుకకు నెట్టును. రైలు ఇంజనులోను జరుగునది ఇదియే. అయితే ఒక చిక్కు కలదు. ఆయిలింజను తిరుగుచున్నప్పుడే బలము చూపును గాని, నిలిచియున్న బరువును మొదట కదలించుటకు దానికి శక్తి చాలదు. వందల టన్నుల బండిని నేరుగా దానికి కట్టినచో అది ఆగిపోవును. కావున పెక్కు రైలు ఇంజనులలో డీజిలు యంత్రము ఒక డైనమోను త్రిప్పును. అందు పుట్టిన విద్యుత్తు ఇరుసులకు అమర్చిన మోటార్లకు పోవును. ఆ మోటార్లే చక్రములను త్రిప్పును. అనగా డీజిలు ఇంజను పట్టాలపై పరుగెత్తు చిన్న పవర్‌హౌసు అన్నమాట.

బ్రిటనులో ప్రధానమార్గములపై నడచుటకు ఇట్లు చేయబడిన మొదటి ఇంజను 1947 డిసెంబరులో డార్బీ కర్మాగారమునుండి వెలువడినది. దాని సంఖ్య 10000. మరి రెండు మూడు వారములకే, 1948 జనవరి 1వ తేదీన, అచ్చటి రైల్వే కంపెనీలన్నియు ప్రభుత్వపరమైనవి. తమ పేరు అంతరింపకముందే తమ అక్షరములతో దీనిని పట్టాల కెక్కింపవలెనని ఆ కంపెనీవారు తొందరపడిరి. దానికి 1600 అశ్వశక్తి కలదు. దాని తోడిది 10001 మరుసటి సంవత్సరము వచ్చినది. ఈ రెండును లండనునుండి స్కాట్లాండుకు పోవు పెద్ద బండ్లను జంటగా లాగినవి. తరువాత వచ్చిన వందలకొలది ఇంజనుల కివి మాతృకలు. అయినను మొదటిదానిని 1963లోను, రెండవదానిని 1966లోను పనినుండి తొలగించి, 1968లో రెంటిని పాత ఇనుము వర్తకులచేత ముక్కలు చేయించిరి. అదే 1968 ఆగస్టులో బ్రిటిషు రైల్వేవారు ప్రధానమార్గములపై ఆవిరి ఇంజనులకు వీడ్కోలు చెప్పిరి. దేశమంతయు ఆవిరి ఇంజనునకై కన్నీరు కార్చుచుండెను. వానిని కొనుటకు చందాలు పోగుచేయుచుండిరి. ఆ సందడిలో మొట్టమొదటి డీజిలు ఇంజను పోవుచున్నదని తలచినవారు బహుకొద్దిమంది. ఆవిరి ఇంజనును వెళ్లగొట్టిన శత్రువుగా డీజిలును చూచువారు దానికై చందా యిత్తురా?

ఇక దక్కినదాని కథ. 1955లో బ్రిటిషు రైల్వేలను నవీకరించుటకు ఒక గొప్ప ప్రణాళిక సిద్ధమైనది. ముందుగా వేర్వేరు కంపెనీలచేత 174 డీజిలు ఇంజనులు చేయించి, కొన్ని యేండ్లు పరీక్షించి, వానిలో మేలైనవానినే పెద్దసంఖ్యలో కొనవలెనని తలచిరి. ఈ యాలోచన చాల మంచిది. కాని రైల్వేలకు నష్టములు పెరుగుచుండుటచే పరీక్ష ముగియకమునుపే వందలకొలది ఇంజనులకు ఆర్డర్లు పోయినవి. విత్తనము మొలకెత్తునో లేదో చూడకయే చేనంతయు చల్లినట్లయ్యెను.

ఆ 174లో ఇరువది ఇంజనులు మెట్రోపాలిటన్ వికర్సు కంపెనీవారు 1958, 1959 సంవత్సరములలో చేసినవి. వాని రూపము విచిత్రము: ఒకకొనను మూడు ఇరుసులు, రెండవకొనను రెండే ఇరుసులు. బ్రిటనులో ఇట్టి అమరిక గల డీజిలు ఇంజను మరియొకటి లేదు. లోపలి యంత్రము మాంచెస్టరునందలి క్రాస్లీవారిది. ఆ క్రాస్లీ యింటి ఆయిలింజనులు మన దేశమునకును వచ్చినవి. నేలపై సిమెంటుదిమ్మెమీద బిగించినప్పుడు వారి యంత్రములకు మంచిపేరే కలదు. కాని పట్టాలమీద అదిరెడు చట్రముపై, క్షణమునకొక తీరుగా మారు బరువుతో పనిచేయుట వేరు. ఈ 1200 అశ్వశక్తి యంత్రము విపరీతముగా పొగ గ్రక్కెను, తరచుగా చెడిపోయెను. దాని యదురునకు డ్రైవరు ముందరి వంపు అద్దములు వదులై ఊడిపడినవట! తరువాత వానిని తీసి చదునైనవి బిగించిరి.

లండను నగరమునందలి హెండన్ నుండి గ్లాస్గోకు రాత్రికి రాత్రి సరకుపెట్టెలను చేరవేయు "కాండోర్" అను బండికి ఈ యింజనులను 1959లో జంటగా కట్టిరి. 1961లో ఇరువదింటిని చేసినవారివద్దకే మరమ్మతునకు పంపవలసివచ్చెను. తిరిగివచ్చిన పిమ్మట వానిని వాయవ్య దిక్కున బారో అను సముద్రతీరపు పట్టణమునకు పంపి, చిన్నచిన్న పనులలో పెట్టిరి. 1968 ముగియులోపల ఇరువదియును పనినుండి తొలగింపబడినవి. పది సంవత్సరములైనను నిండలేదు.

వానిలో పందొమ్మిది పాత ఇనుములో కలిసిపోయినవి. దక్కినది డి 5705 అను సంఖ్యగలది. దానిని ఎవరో మెచ్చి దాచిరనుకొనవలదు. డార్బీలోని రైల్వే పరిశోధనశాఖవారికి, చక్రమునకును పట్టాకును నడుమ కలుగు రాపిడిని కొలుచు పరీక్షబండిని లాగుటకు ఏదో యొక ఇంజను కావలసివచ్చెను. ఎవరికిని అక్కరలేనిది గనుక దీని నిచ్చిరి. ఆ పని తీరిన తరువాత ఇంకను క్రిందికి దిగినది. చలికాలమున ప్రయాణికుల పెట్టెలను వెచ్చచేయుటకై ఆ కాలపు డీజిలు ఇంజనులలో చిన్న బాయిలరు ఉండెడిది. ఆ బాయిలరుకొరకు దీనిని యార్డులో ఒకచోట నిలిపి, నిలిచియున్న పెట్టెలకు ఆవిరి నందించు పనిలో పెట్టిరి. పరుగెత్తవలసిన యంత్రము నీళ్లు కాచు పొయ్యియైనది. ఇట్లు సుమారు పదియేండ్లు గడచెను. ఈలోగా అభిమానుల మనస్సు మారినది. డీజిలును చూచి పెరిగిన పిల్లలు పెద్దవారైరి. 1980 తరువాత వారు దానిని కొని, మొదట డార్బీషైరునందును, పిమ్మట బరీ పట్టణములోను చేర్చిరి. నాడు ఉత్తమమైన పనిలో నుండినచో అది ఏనాడో కొలిమికి పోయియుండెడిది. హీనమైన పనియే దానిని బ్రదికించినది!

దక్కుట ఒకటి, తిరిగి నడచుట మరియొకటి. ఆవిరి ఇంజను బాయిలరు చిల్లిపడినచో రేకు తెచ్చి, వంచి, అతికి క్రొత్తది చేయు పనివారు నేటికిని కలరు. అది పెద్దయెత్తున కమ్మరి పనియే. డీజిలు సంగతి అట్లు కాదు. నూనె చిమ్ము సూదిముక్కు వెంట్రుకకంటె సన్నని తేడాతో అరగదీయబడి యుండును. పగిలిన సిలిండరు తల పోతపోయవలెనన్న పాత పటములు కావలెను. చేసిన కంపెనీయే లేనప్పుడు ఆ పటము లెచ్చట? రబ్బరు బిగింపులు వాడకున్నను కుళ్లును. మోటార్ల రాగితీగలపై చుట్టిన పూత తేమకు పాడగును. నిలిపియుంచినంత మాత్రమున ఇనుము చెడదనుకొనుట పొరపాటు. ముట్టని యింజనే ముందుగా బిగిసిపోవును. బరీలో ఈ యింజను మరమ్మతు ఏండ్ల తరబడి సాగుటకు ఇదియే కారణము. ఆ పని చేయువారిలో జీతమునకు చేయువారు అరుదు. సెలవుదినములలో వచ్చి చేతులకు జిడ్డు పూసుకొను సామాన్యులే యెక్కువ.

దీనికి మారుగా డెల్టిక్ అను జాతి కలదు. 1961, 1962లలో చేసిన యిరువదిరెండు ఇంజనులు. ఒక్కొక్కదానిలో రెండు నేపియర్ యంత్రములు. రెండును కలిసి 3300 అశ్వశక్తి. త్రిభుజాకారముగా అమర్చిన పదునెనిమిది సిలిండర్లలో ముప్పదియారు ముషలకములు ఎదురెదురుగా నడచును. గంటకు నూరుమైళ్ల వేగముతో ఇరువదియేండ్లు పనిచేసి, 1982 జనవరి 2వ తేదీన వీడ్కోలు పొందినవి. అప్పటికి జనులకు కన్నులు తెరచుకొన్నవి. ఆరింటిని కాపాడిరి. ఇంజనులతోబాటు విడియంత్రములను కూడ ముందుచూపుతో కొని పెట్టుకొనిరి. కాని వీని చిన్నచెల్లెండ్రనదగిన పది చిన్న డెల్టిక్కులలో ఒక్కటియు మిగులలేదు. వాని యంత్ర మొకటి మాత్రము దక్కినది. దానిని వేరొక జాతి ఇంజను శరీరములో అమర్చి, రూపమును దిద్ది, చిన్న డెల్టిక్కును తిరిగి కల్పించు పని డార్బీషైరునందలి బారోహిల్ షెడ్డులో ఆరంభమైనది. 10000 సంఖ్యగల ఇంజనును గూడ ఇట్లే పునఃసృష్టి చేయుదమని ఒక సంఘమువారు పూనుకొనిరి. ఇట్లు చేయుట పనితనమే గాని పరిరక్షణ కాదని కొంద రందురు. నా మట్టుకు అది విగ్రహము పోయిన గుడిలో క్రొత్తవిగ్రహమును ప్రతిష్ఠించుట వంటిది. పూజకు పనికివచ్చును గాని, పాత శిల్పి ఉలిదెబ్బ అందు కానరాదు.

ఓడిపోయిన యింజనును ఉంచనేల యని యింకను అడుగువారు కలరు. ఐర్లాండువారి సంగతి చెప్పెదను. వారును ఇదే కంపెనీవద్ద క్రాస్లీ యంత్రములుగల ఇంజనులు తొంబదికి పైగా కొని, ఇవే బాధలు పడిరి. అయితే వారు పారవేయలేదు. 1968 మొదలుకొని క్రాస్లీ యంత్రములను పెరికి, అమెరికా యంత్రములను ఆ శరీరములలోనే అమర్చి, పెక్కింటిని 1990 దాటువరకు నడిపిరి. అనగా బండి చట్రమున దోషము లేదు, గుండెలోనే దోషమున్నదని తేలినది. మొదటి గుండెతో నున్న యింజను ఎదుట నున్ననే గదా ఈ తేడా చూచి తెలిసికొనుట!

మన ప్రాంతమున గుత్తి, కాజీపేట, విశాఖపట్టణము షెడ్లయందు పనిచేసినవారికి డబ్ల్యు.డి.ఎం. 2 అను ఇంజను చిరపరిచితము. అమెరికానందలి ఆల్కో కంపెనీవారి నమూనాపై 1964 మొదలు కాశీలో చేయబడిన ఈ జాతి, రెండువేలకు మించి దేశమంతట తిరిగినది. ఆల్కోవారు 1969లోనే ఇంజనులు చేయుట మానిరి. మనవారు మాత్రము ఆ పనిని మరి మూడు దశాబ్దములు సాగించిరి. ఇప్పుడు బ్రాడ్‌గేజి మార్గములు దాదాపు అన్నియు విద్యుదీకరింపబడుటచే అవి పాత ఇనుమునకు పోవుచున్నవి. రెండువేలు గల జాతి ఎన్నడును అపురూపము కాదని తోచును. ఇంగ్లాండులో 10000ను కోసిననాడు అచ్చటివారికిని డీజిలు అపురూపమని తోచలేదు. ఆ ఇంజనును నడపిన డ్రైవర్లును, ఫిట్టర్లును మన గ్రామములలో పింఛను తీసికొనుచు నున్నారు. వారి పెట్టెలలో పాత మరమ్మతు పుస్తకములు, కొలతల కాగితములు ఉండవచ్చును. బరీలో పనిచేయువారికి పలుమారు కొరతపడునది ఇనుము కాదు, అట్టి కాగితములే.