ధనియాల పరిమళము

రష్యాలో స్వతంత్రముగా సెంట్లు తయారుచేయు చిన్న సంస్థలలో కొన్ని మొక్కల తైలములకే ప్రాధాన్యమిచ్చుచున్నవి. ఆ దేశమున పండు సుగంధతైలపు పంటలలో ధనియాలు ముఖ్యమైనవి. వంటింటి ధనియాలకును సెంటుకును సంబంధమేమి?

ధనియపు గింజలోని సన్నని నాళములలో సులభముగా ఆవిరియగు తైలము కలదు. అందులో సుమారు మూడింట రెండు వంతులు లినలూల్ అను పదార్థము. లావెండరు పూలలోను ఇది యున్నది. కనుకనే నలిపిన ధనియాలలో పూలవాసన తోచును.

లినలూల్ 198 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద గాని మరగదు. అంత వేడికి సువాసన చెడును. అందుచే నలిపిన గింజల గుండా నీటి ఆవిరిని పంపెదరు. నీరును తైలమును ఒకదానిలో నొకటి కరగవు. రెండింటి ఆవిరి పీడనములు కూడి వాతావరణ పీడనమునకు సమానమగుటచే, 100 డిగ్రీలకు లోపుననే తైలము నీటితోపాటు ఆవిరియై వచ్చును. చల్లార్చగా నీటిపై తేలును.

రష్యా ధనియాలు మన ధనియాలకంటె చిన్నవి. అయినను 100 కిలోలకు సుమారు 1 కిలో తైలమిచ్చును. మన పెద్ద గింజలు సాధారణముగా అర కిలో కూడ ఈయవు.

పచ్చికాయలో నల్లివాసన గల ఆల్డిహైడులు హెచ్చు. కాయ పండినకొలది అవి తగ్గి, లినలూల్ పెరుగును. తొందరపడి కోసినచో ఆ తైలము సెంటుకు పనికిరాదు. ఆకులోను ఆల్డిహైడులే ప్రధానము. కొత్తిమీర ఆకును, ధనియమును వేరువేరుగా నలిపి వాసన చూడుడు. భేదము మీకే తెలియును.