ఏడీహెచ్‌డీ: రోజూ చేసే పనికీ చేయి ఎందుకు తిరగదు?

ఏ పనైనా కొత్తలో ఆలోచించి చేయాల్సిందే. పదేపదే చేస్తే చేయి తిరుగుతుంది, ఆపైన ధ్యాస పెద్దగా అక్కర లేకుండానే సాగిపోతుంది. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం కనిపించే మెదడు ఎదుగుదల సమస్య) ఉన్నవారిలో చాలామందికి ఈ రెండో దశ నిలకడగా చిక్కదు. నెలల తరబడి చేస్తున్న పనినైనా ఒక్కో మెట్టూ గుర్తు తెచ్చుకుంటూ చేయాల్సి వస్తుంది.

చిత్తూరు జిల్లా పల్లెల్లోని పాల సేకరణ కేంద్రాన్నే తీసుకోవచ్చు. రైతు తెచ్చిన పాలను తూకం వేయాలి, కలియబెట్టి శాంపిల్ తీయాలి, అనలైజర్‌లో పెట్టి వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాల శాతం) చూడాలి, రైతు కోడ్ కొట్టాలి, చీటీ ఇవ్వాలి. పొద్దున, సాయంత్రం ఇదే వరుస. చేయి తిరిగినవారు ఊసులాడుతూనే ఇదంతా కానిచ్చేస్తారు. ఏడీహెచ్‌డీ ఉన్న ఉద్యోగికి మధ్యలో ఫోన్ మోగితే చాలు, ఎక్కడ ఆపారో జారిపోతుంది. ముందు రైతు కోడ్ మీదే తరువాతి రైతు పాలు నమోదు కావచ్చు. అదే మనిషి మరుసటి పూట ఒక్క తప్పూ లేకుండా చేయొచ్చు. అందుకే చూసేవారికి ఇది నిర్లక్ష్యంలా తోస్తుంది.

శ్రద్ధ పెట్టి చేసే పనికీ, అలవాటుగా జరిగిపోయే పనికీ మధ్య తేడాను ష్నైడర్, షిఫ్రిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1977లో ప్రయోగాలతో వివరించారు. మొదటి రకానికి నుదుటి వెనుక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ ముఖ్యం. అలవాటు ముదిరేకొద్దీ మెదడు లోతుల్లోని బేసల్ గాంగ్లియా పాత్ర పెరుగుతుంది. ఈ రెండింటినీ కలిపే వలయాల్లో డోపమైన్ కీలకం. ఏడీహెచ్‌డీలో ఈ వలయాల పనితీరు కొంత భిన్నంగా ఉంటుందని పరిశోధనలు చెబుతున్నాయి. ప్రయోగశాల పరీక్షల్లో తరచూ కనిపించేది ప్రతిస్పందన వేగంలో హెచ్చుతగ్గులు: ఒకసారి చురుగ్గా, మరోసారి బాగా ఆలస్యంగా. పని మధ్యలో ఉండగానే, మనసు ఊరికే తిరిగేటప్పుడు చురుగ్గా ఉండే మెదడు వ్యవస్థ తలదూర్చడమే దీనికి కారణం కావచ్చని సోనుగా-బార్క్, కాస్టెల్లానోస్ 2007లో ప్రతిపాదించారు. చేస్తున్న మెట్టును కాసేపు మనసులో నిలిపే వర్కింగ్ మెమరీ బలహీనంగా ఉంటే ఇబ్బంది ఇంకా పెరుగుతుంది.

అలవాటు పడటానికి అందరికీ ఒకే గడువు ఉండదు. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం సాధారణ వ్యక్తులపై జరిపిన అధ్యయనంలోనే ఈ వ్యవధి 18 నుంచి 254 రోజుల దాకా ఉంటుందని అంచనా వేశారు.

కాబట్టి మనసులో నిలవని వరుసను కంటి ముందు నిలపాలి. పాల కేంద్రంలో మెట్లను రాసి అనలైజర్ పక్కనే అంటించవచ్చు. చీటీ చేతికిచ్చేదాకా శాంపిల్ సీసాను బల్ల మీదే ఉంచితే, పని ఎక్కడ ఆగిందో అదే చెబుతుంది. రద్దీ వేళ ఫోన్ దూరంగా పెట్టాలి. ఇది చేతకానివారికి ఇచ్చే మినహాయింపేమీ కాదు. తిరుమల ఆలయ వంటశాల అయిన పోటులో చేయి తిరిగిన వంటవారు సైతం లడ్డూ సరుకులను దిట్టం, అంటే నిర్ణీత కొలతల పట్టిక, ప్రకారమే కొలిచి వాడతారు.

మతిమరుపంతా ఏడీహెచ్‌డీ కాదు. నిద్రలేమి, థైరాయిడ్ సమస్య, కుంగుబాటు కూడా ఇలాగే కనిపిస్తాయి. 2013 నాటి డీఎస్‌ఎం-5 ప్రమాణాల ప్రకారం కొన్ని లక్షణాలైనా 12 ఏళ్లలోపే మొదలై ఉండాలి. ఇల్లు, ఆఫీసు వంటి రెండు చోట్లయినా కనిపించాలి. మిథైల్‌ఫెనిడేట్, అటామాక్సెటిన్ వంటి మందులను మానసిక వైద్యులు పరీక్షించి రాస్తేనే వాడాలి. తిరుపతి పరిసరాలవారు రుయా ఆస్పత్రి మానసిక వైద్య విభాగంలో చూపించుకోవచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే సలహా దొరుకుతుంది.