ఎండ రాని ఇంట్లోనూ... ఆర్కిడ్‌ పూస్తుంది!

ఊళ్లో ఇల్లంటే ముందు వాకిలి, వెనుక పెరడు. బంతి, కనకాంబరం ఎక్కడ నాటినా వచ్చేవి. బెంగళూరు, హోసూరుల్లో అపార్టుమెంట్లకు మారిన తెలుగు కుటుంబాలకు ఆ ముచ్చట తీరేదెలా? కిటికీ తీస్తే పక్కింటి గోడే. అయినా ఏటా జనవరిలో, ఆగస్టులో లాల్‌బాగ్‌ పూల ప్రదర్శన చూసొచ్చాక మనసాగదు. నర్సరీలో వందలు పోసి ఆర్కిడ్‌ కుండీ పట్టుకొచ్చేస్తారు. రెండు మూడు నెలలు ఇల్లంతా కళకళ. పూలు రాలాక మొక్క మళ్లీ కాడ వేయదు. మెల్లగా నీరసించి పోతుంది. చాలా ఇళ్లలో దీనికి మొదటి కారణం... చాలినంత వెలుతురు లేకపోవడం. ఆ లోటును లైటుతో పూడ్చుకోవచ్చు.

మనకు వెలుగు... మొక్కకు చీకటి

మన కంటికి బాగానే వెలుగున్నట్టు కనిపించే గది మొక్కకు చీకటి కిందే లెక్క. రాత్రి బల్బు వేసిన హాల్లో వెలుతురు మహా అయితే రెండు మూడు వందల లక్స్‌. సీతాకోకచిలుక రెక్కల్లా పూసే ఫెలనాప్సిస్‌ రకానికి పగటిపూట సుమారు 10 వేల లక్స్‌ ఉంటే మంచిది. ఆర్కిడ్లలో తక్కువ వెలుతురుతో సరిపెట్టుకునే రకాల్లో ఇదొకటి. అందుకే ఇళ్లలో మొదలుపెట్టేవారికి అనువైనది. లైటును మొక్కకు దగ్గరగా ఉంచి, ఎక్కువ గంటలు వెలిగిస్తే సరిపోతుంది.

ఏ లైటు? ఎంతసేపు?

ఒకప్పుడు ట్యూబ్‌లైట్లు నాలుగైదు వరుసగా బిగించేవారు. ఇప్పుడు తెల్లటి ఎల్‌ఈడీ ట్యూబులు చాలు. ఊదారంగు లైట్లే కావాలనేం లేదు. మొక్క ఎక్కువగా వాడుకునే ఎరుపు, నీలం కాంతులు తెల్ల వెలుగులోనూ ఉంటాయి. 20 వాట్ల ట్యూబులు రెండు పక్కపక్కన, ఆకులకు అడుగులోపు ఎత్తులో కట్టాలి. రోజుకు 12 నుంచి 14 గంటలు వెలగాలి. 12 గంటలకైతే నెలకు 14 యూనిట్ల చిల్లర ఖర్చవుతుంది. యూనిట్‌ ఏడు రూపాయలనుకున్నా వంద రూపాయలు!

పూలు తొందరగా వస్తాయని రాత్రంతా లైటు వేసి ఉంచితే మొదటికే మోసం. ఫెలనాప్సిస్‌ ఆకు రంధ్రాలు ఎక్కువగా రాత్రిపూటే తెరుచుకుంటాయి. అప్పుడు పీల్చుకున్న బొగ్గుపులుసు వాయువును దాచుకుని, పగలు వెలుతురులో ఆహారం తయారు చేసుకుంటుంది. కాబట్టి చీకటీ దానికి అవసరమే. మరచిపోయే అలవాటుంటే టైమర్‌ పెట్టుకోవడం మేలు. నీళ్లు చిలకరించేటప్పుడు వైర్లు, ప్లగ్గులు తడవకుండా చూసుకోవాలి.

ఆకు చూస్తే తెలిసిపోతుంది

ఆకులు ముదురాకుపచ్చగా మారి, పొడుగ్గా వాలిపోతుంటే వెలుతురు చాలడం లేదని అర్థం. పసుపు తిరిగినా, ఎరుపెక్కినా ఎక్కువైనట్టు. లైటును కాస్త పైకి జరపాలి.

మట్టి వద్దు... బొగ్గు ముద్దు

ఇళ్లలో పెంచే ఆర్కిడ్లలో చాలావరకు అడవిలో చెట్టు కొమ్మలను పట్టుకుని బతికేవే. అలాగని బదనికలా చెట్టు రసం పీల్చవు. గాలిలో వేలాడే వేర్లతో వాన నీటిని, తేమను అందుకుంటాయి. మట్టిలో నాటితే ఆ వేర్లు ఊపిరాడక కుళ్లిపోతాయి. బొగ్గు, ఇటుక ముక్కలు, కొబ్బరి డొక్క ముక్కలు నింపిన చిల్లుల కుండీ వాడాలి. వేర్లు వెండిలా తెల్లబడితేనే నీళ్లు పోయాలి. పచ్చగా ఉంటే తడి ఉన్నట్టే. నీళ్లు ఉదయం పోయడం మంచిది. ఆకుల నడుమ మొవ్వులో నిలవకూడదు. లీటరు నీటికి అర గ్రాము 19:19:19 ఎరువు కలిపి పది రోజులకోసారి ఇస్తే చాలు.

ఊరిని బట్టి రకం

ఫెలనాప్సిస్‌ పూకాడ వేయాలంటే కొన్ని వారాలు చల్లదనం తగలాలి. బెంగళూరు, హోసూరు చలికాలం అందుకు సరిగ్గా సరిపోతుంది. ఉక్కపోత ఎక్కువుండే యానాం, బరంపురం వారికి డెండ్రోబియం మేలు. వేడిని తట్టుకుంటుంది గానీ దానికి వెలుతురు మరింత కావాలి. లైటు కింద కన్నా బాల్కనీలో పలచటి నీడలోనే బాగా వస్తుంది. బళ్లారి లాంటి పొడి ఊళ్లలో కుండీ కింద గులకరాళ్ల పళ్లెంలో నీళ్లుంచాలి. కుండీ అడుగు మాత్రం ఆ నీటిని తాకకూడదు.

అడవి మొక్క జోలికి వెళ్లొద్దు

కోరాపుట్‌, రాయగడ కొండల్లోనూ ఆర్కిడ్లు పూస్తాయి. ఉచితంగా వస్తుంది కదా అని పీకి తెస్తే, ఇంట్లో బతకదు సరికదా అక్కడా వంశం తెగుతుంది. ఆర్కిడ్‌ గింజ దుమ్ములా ఉంటుంది. అందులో ఆహారం నిల్వ ఉండదు. తగిన బూజు తోడైతేనే మొలుస్తుంది. మొలిచినా పూతకు ఏళ్లు పడుతుంది. నీలి వాండా, ఎర్ర వాండా, లేడీస్‌ స్లిప్పర్‌ ఆర్కిడ్లకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. నర్సరీల్లో టిష్యూ కల్చర్‌ మొక్కలు దొరుకుతుండగా అడవి మీద పడాల్సిన పనేముంది? కొనేటప్పుడు ఆకు గట్టిగా, వేర్లు పచ్చగా ఉన్న మొక్క ఎంచుకుంటే సగం పని అయినట్టే.