పేరు పాతది, పడవ క్రొత్తది

రాజమహేంద్రవరమునకు దిగువన, ధవళేశ్వరము దాటిన పిదప, గోదావరి పాయలుగా చీలి సముద్రమును చేరుచున్నది. గౌతమి, వసిష్ఠ, వైనతేయ అను ఈ పాయల నడుమ ఎన్నో లంక గ్రామములు కలవు. లంకలో నివసించువారికి బడియు, బజారును, ఆసుపత్రియు తరచుగా ఆవలి ఒడ్డుననే యుండును. వారికి పడవయే దారి. ఊరి దారుల మంచిచెడ్డలను చూడవలసిన పంచాయతీ సభ్యులు ఈ నీటిదారిని గూర్చియు కొంత తెలిసికొనుట అవసరము. పడవలకు మనవారు పెట్టుకొనిన వాడుక పేర్లను, వాని వెనుకనున్న మమకారమును, ఆ మమకారమువలన కలుగగల ఒక పొరపాటును ఈ వ్యాసములో వివరింపదలచితిమి.

పేర్లు చెప్పు చరిత్ర

తాటిమ్రానును తొలిచి చేసినది దోనె. కొల్లేటి ప్రాంతమున ఇది పేదవాని వాహనము. ఒంటి దోనె సులభముగా తూలును. కావున రెండింటిని జతచేసి కట్టు ఆచారము ఏర్పడినది. అట్టి జంటకు సంగడి అని పేరు. స్నేహితుని సంగడీడు అనుటయు మనకు తెలిసినదే. రెండు మాటలును చుట్టములు. ఒకదానికొకటి ఆసరాగా నుండుటయే రెండింటియందును గల భావము.

దుంగలను ప్రక్కప్రక్కన చేర్చి త్రాళ్లతో బిగించినది తెప్ప. సముద్రతీరపు మత్స్యకారులకు ఇది తరతరముల తోడు. కాకినాడ ప్రాంతపు పాయలలో చేపలు పట్టు ఒక విధమైన కొయ్యపడవను ప్రత్యేకముగా నావ అని పిలుతురు. దాని ఆకారమును చూచి ఆంగ్లములో వ్రాసినవారు దానికి ‘షూ దోనీ’, అనగా బూటు వంటి దోనె, అని పేరు పెట్టిరి. కోరంగి, తాళ్లరేవు ప్రాంతములు కొయ్య ఓడల నిర్మాణమునకు పేరుగన్నవి.

1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన తరువాత తీయబడిన ప్రధాన కాలువలు సాగునీటికే గాక పడవల రాకపోకలకును ఉపయోగించినవి. నీటి మట్టములోని తేడాను దాటించుటకు లాకులు కట్టిరి. సరుకులును మనుష్యులును ఈ కాలువల మీదుగా సాగిన కాలమున, పైన గూడు గల పడవను గూటి పడవ అనిరి. గాలి లేనపుడు గట్టు వెంట నడచుచు మనుష్యులే త్రాటితో పడవను లాగెడివారు. ఆవిరియంత్రము వచ్చిన పిదప లాంచి అను మాటయు వచ్చినది. దానిని నడుపువానికి పారసీక భాషనుండి వచ్చిన సరంగు అను పేరు స్థిరపడినది. వాహనములను సైతము దాటించు విశాలమైన రేవు పడవకు పంటు అని పేరు. ఇది ఆంగ్లపదమునుండి వచ్చినట్లు తోచును. కోటిపల్లి - ముక్తేశ్వరము, నరసాపురము - సఖినేటిపల్లి రేవులలో ఈ మాట తెలియని పసివాడు లేడు.

ఇక నాటు పడవ అను మాటను చూడుడు. యంత్రపు పడవలు రాకముందు దీనికి ఈ విశేషణము అవసరము లేదు. అది వట్టి పడవయే. క్రొత్తది వచ్చిన పిదప పాతది నాటుదైనది. ఆ మాటలో కొందరికి చులకన వినిపించును. పడవవానికి మాత్రము అందులో సొంతదనము వినిపించును. పలక పగిలినచో మార్చుటకు ఊరి వడ్రంగి చాలును. సందు విడినచో నార కూరి బిగించుకొనవచ్చును. తన చేతితో బాగుచేసికొనగలిగిన దానిపై మనుష్యునకు ప్రీతి మెండు.

రేకు డబ్బా అని పిలిచినను

లోహపు పడవల విషయమున ఇతర దేశములవారి అనుభవమును గమనింపదగియున్నది. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన 1945 ప్రాంతమున, అమెరికాలో విమానములు నిర్మించు గ్రమ్మన్ కంపెనీవారు విమానపు రేకు అయిన అల్యూమినియముతోనే చిన్న పడవలు చేయ మొదలిడిరి. తేలికయైన ఈ పడవలు త్వరలోనే వ్యాపించినవి. ఆస్ట్రేలియాలో ఇట్టి చిన్న పడవను ‘టిన్నీ’ అని పిలుతురు. మన భాషలో చెప్పవలెనన్న, రేకు డబ్బా.

ఈ పేరులో హాస్యమును, ప్రేమయు కలసియున్నవి. రేకు పడవలో కాలు కదిపిన చప్పుడగును. చిన్న అల తగిలినను మ్రోగును. మిట్టమధ్యాహ్నము కూర్చున్న చోట చురుక్కుమనును. కొయ్యపడవ యజమాని దీనిని చూచి నవ్వును. అయినను రేకు పడవ కుళ్లదు, చెద పట్టదు, ఏటేట తారు పూయనక్కరలేదు. ఇనుముతో పోల్చినచో అల్యూమినియము బరువు సుమారు మూడవవంతు మాత్రమే. ఇనుమువలె ఇది త్రుప్పు పట్టి రాలిపోదు. ఉప్పునీటిలో ఇనుప మేకులు గాని, రాగి ముక్కలు గాని తగిలియున్నచోట మాత్రము గుంటలు పడి తినివేయబడును. ఈ గుణములన్నియు ఎరిగినవాడు నవ్వుచునే దానిని వాడుకొనును. ఎగతాళి పేరు పెట్టుకొనినందున అతడు దాని లోపములను మరచిపోవుట లేదు.

మన తీరమున జరిగినది దీనికి భిన్నము.

తెప్ప అను మాటలోని నమ్మకము

మన మత్స్యకారులలో దుంగల తెప్పలు తగ్గి, ఫైబర్ పడవలు హెచ్చినవి. ఇవి గాజునారను రసాయనపు జిగురుతో గట్టిపరచి చేసినవి. వస్తువు మారినను పేరు మారలేదు. వీనిలో చిన్నవానిని ఫైబర్ తెప్ప అనియే పిలుచుచున్నారు. తాతల నాటి వాహనముపై గల గౌరవమును క్రొత్తదానికి కట్టబెట్టిరి. ఇది చూడ ముచ్చటయే. కాని పేరుతోపాటు నమ్మకము కూడ వచ్చి చేరినది. ఇచటనే జాగరూకత అవసరము.

దుంగల తెప్ప నీట మునిగిపోదు. అల మీదపడినను నీరు దుంగల సందులనుండి జారిపోవును. తిరగబడినను కొయ్య తేలుచునే యుండును. దానిని పట్టుకొనిన మనుష్యుడు బ్రతుకును. ఫైబర్ పడవ గాని, లోహపు పడవ గాని బోలుగా నుండుటచేతనే తేలును. లోపల నీరు నిండినచో, తేలుటకు వేరు ఏర్పాటు లేనిపక్షమున, మునిగిపోవును.

దీనిని ప్రతివారును ఇంటిలోనే పరీక్షించి చూడవచ్చును. తొట్టెలో నీరు పోసి, ఒక కొయ్య గరిటెను, ఒక అల్యూమినియపు గిన్నెను వేయుడు. రెండును తేలును. గిన్నెను ప్రక్కకు వంచి నీరు నింపుడు. అది అడుగునకు పోవును. గరిటె ఎంత తడిసినను పైననే యుండును. ఇపుడు మూత గట్టిగా బిగించిన ఖాళీ డబ్బాను వేయుడు. దానిపై ఎంత నీరు పోసినను తేలును. మూతపడిన గాలి దానిని నిలుపుచున్నది. మంచి లోహపు పడవలలోను, ఫైబర్ పడవలలోను ముందు వెనుకల ఇట్టి మూసిన గాలి గదులు గాని, నీరు పీల్చని తేలికపాటి నురుగు పదార్థము నింపిన అరలు గాని ఉంచుట ఇందుకొరకే. ఆ గదికి రంధ్రము పడినను, సామాను పెట్టుకొనుటకై దానిని తెరచినను, ఆ పడవ వట్టి గిన్నెయే.

కొయ్యపడవ విషయమునను ఒక హెచ్చరిక కలదు. తెడ్డుకును గెడకును తగినట్లు కట్టిన పడవకు తరువాత యంత్రము బిగించినచో, ఆ బరువును అదరును దాని పలకలు భరింపవలసివచ్చును. నాటు పడవ అను పేరు అపుడును మారదు. పడవ మాత్రము మునుపటిది కాదు.

పంచాయతీ సభ్యులు చేయదగినది

2018 జూలై 14వ తేదీన పశువుల్లంక వద్ద గౌతమి పాయలో ఒక పడవ నిర్మాణములోనున్న వంతెన స్తంభమునకు తగిలి బోల్తాపడినది. బడినుండి ఇండ్లకు మరలుచున్న విద్యార్థినులు నీటిపాలైరి. 2019 సెప్టెంబరు 15వ తేదీన పాపికొండల దారిలో కచ్చులూరు వద్ద విహారమునకు బయలుదేరిన బోటు వరద గోదావరిలో మునిగి పెక్కుమంది మరణించిరి. మొదటిది నిత్యప్రయాణము, రెండవది వేడుక ప్రయాణము. నది రెండింటికిని భేదము చూపలేదు.

1917 నాటి పాత చట్టమునకు బదులుగా 2021లో దేశీయ జలయానముల చట్టము వచ్చినది. యంత్రము లేని పడవల నమోదు బాధ్యతను స్థానిక స్వపరిపాలన సంస్థలకు అప్పగించుటకు ఇందులో వీలు కలదు. కావున రేవు గల ప్రతి పంచాయతీయు ఈ క్రింది విషయములను తన కర్తవ్యములుగా భావించుట మంచిది.

మొదటిది, రేవులో తిరుగు పడవల పట్టిక వ్రాయించుట. అందులో వాడుక పేరు ఒక గడిలోను, చేసిన వస్తువు వేరొక గడిలోను ఉండవలెను. తెప్ప అని మాత్రమే వ్రాసినచో సగము వ్రాసినట్లే.

రెండవది, గాలి గదులు కలవో లేవో, ఉన్నచో అవి చెక్కుచెదరక యున్నవో లేవో ఏటేట వరదలకు ముందే చూపించుకొనుట.

మూడవది, పడవకు ఇరువైపుల వెలుపల రంగుతో ఒక గీత గీయించుట. గీత మునిగినంత బరువు ఎక్కినచో పడవ కదలరాదు. మనుష్యుల సంఖ్యను రేవులో అందరికిని కనబడునట్లు వ్రాయించవలెను.

నాలుగవది, తేలుడు కోట్లు పడవ మూలన పడియుండక ప్రయాణికుల ఒంటిమీద నుండునట్లు చూచుట. బడిపిల్లల విషయమున ఇందుకు మినహాయింపు ఉండరాదు.

ఐదవది, వరద హెచ్చరిక వచ్చినపుడు పడవను నిలిపివేయుట. రేవు పాట పాడుకొనినవారికి ఆనాటి ఆదాయము పోవుట నిజమే. పాట షరతులలోనే ఈ విషయమును ముందుగా చేర్చినచో తగవు రాదు.

ఈ పనులను ఆజ్ఞలవలె గాక, సరంగులతోను, మత్స్యకారులతోను కలసి కూర్చుండి చేయవలెనని మా మనవి. తరతరములుగా గంగమ్మకు మ్రొక్కి నీటిపై బ్రదుకుచున్నవారికి గాలి, సుడి, పోటు, పాటు మనకంటె బాగుగా తెలియును. క్రొత్త వస్తువుల గుణము మాత్రము వారికిని క్రొత్తయే. ఆ గిన్నె, గరిటె, మూత డబ్బాల పరీక్షను రేవు గట్టున ఒకమారు చేసి చూపినచో, పెద్ద ఉపన్యాసముకంటె అది ఎక్కువ మేలు చేయును.

పాత పేర్లను విడువవలెనని మేము చెప్పుట లేదు. తెప్ప, దోనె, సంగడి, నావ అను మాటలు మన పూర్వుల శ్రమకు గుర్తులు. వానిని పిల్లలకు నేర్పుట మన విధి. పేరును ప్రేమతో పిలువుడు, పడవను చేతితో తట్టి చూడుడు. అపుడు ఆవలి ఒడ్డున బడికి పోయిన పిల్ల సాయంకాలమునకు క్షేమముగా ఇల్లు చేరును.