కాలంలో వాటా అడిగే కళ

బ్లాక్ క్వాంటమ్ ఫ్యూచరిజం అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో పుట్టిన కళాబృందం. రషీదా ఫిలిప్స్, కమే అయేవా అనే ఇద్దరు నల్లజాతి కళాకారులు దీన్ని నడుపుతున్నారు. ఫిలిప్స్ వృత్తిరీత్యా న్యాయవాది. ఇళ్ల నుంచి ఖాళీ చేయిస్తున్న పేద అద్దెదారుల పక్షాన ఏళ్ల తరబడి పనిచేశారు. అయేవా కవి, సంగీతంలో ‘మూర్ మదర్’ పేరుతో ప్రసిద్ధులు. కాలం అందరికీ ఒకేలా నడవదని, గడియారం ఎవరి చేతిలో ఉంటే భవిష్యత్తు వారి మాట వింటుందని ఈ బృందం వాదన.

ఈ ఆలోచనకు రెండు మూలాలున్నాయి. ఒకటి, ఆఫ్రికా సంప్రదాయాలు. కెన్యా పండితుడు జాన్ ఎంబిటి 1969లో ప్రచురించిన గ్రంథంలో, ఆఫ్రికా సమాజాల్లో కాలాన్ని అంకెలతో కాక జరిగిన సంఘటనలతో కొలుస్తారని వివరించారు. రెండోది, క్వాంటమ్ భౌతికశాస్త్రం. కారణం ముందు, ఫలితం తర్వాత అనే వరుసపై అది లేవనెత్తిన ప్రశ్నలను వీరు కళకు ముడిసరుకుగా వాడుకుంటారు.

చరిత్రలో ఈ వాదనకు ఆధారాలు దొరుకుతాయి. బానిసలకు స్వేచ్ఛనిస్తూ అమెరికా అధ్యక్షుడు లింకన్ చేసిన విముక్తి ప్రకటన 1863 జనవరి 1న అమల్లోకి వచ్చింది. టెక్సస్‌లోని గాల్వెస్టన్‌లో ఆ కబురును సైన్యం చాటింది మాత్రం 1865 జూన్ 19న. నడుమ రెండున్నరేళ్లూ అక్కడి నల్లజాతి బానిసలు కాగితం మీద స్వతంత్రులు, పొలంలో బానిసలు. 1884లో వాషింగ్టన్‌లో పాతిక దాకా దేశాలు సమావేశమై గ్రీనిచ్‌ను ప్రపంచ కాలానికి మూలరేఖగా ఎంచుకున్నాయి. ఆఫ్రికా నుంచి ఆ సభలో చోటు దక్కింది లైబీరియా ఒక్కదానికే. వలస పాలనలో ఉన్న భారతదేశం కూడా 1906 నుంచి గ్రీనిచ్ కంటే అయిదున్నర గంటలు ముందుండే సమయానికి మారింది. దానికి ఆధారమైన రేఖాంశం కాకినాడ సమీపం నుంచే వెళుతుంది. గ్రీనిచ్ మూలరేఖ చరిత్రను తిరగదోడుతూ ఫిలిప్స్ 2022లో ‘టైమ్ జోన్ ప్రోటోకాల్స్’ అనే ప్రాజెక్టు చేపట్టారు.

పేదల దైనందిన జీవితంలోనూ గడియారానిదే పెత్తనం. ఇల్లు ఖాళీ చేయించే కేసులో అద్దెదారు వాయిదాకు వేళకు రాకపోతే ఆ వ్యక్తి వాదన వినకుండానే (ఎక్స్‌పార్టీ) తీర్పు పడిపోవచ్చు. బస్సు ఆలస్యమైందా, పనిచోట సెలవు దొరకలేదా అన్నది తీర్పు కాగితంలో కనిపించదు.

బృందం పనుల్లో ముఖ్యమైనది ఉత్తర ఫిలడెల్ఫియాలోని షార్స్‌వుడ్‌లో జరిగింది. ఆ పేటను పునర్నిర్మించేందుకు నగర గృహనిర్మాణ సంస్థ సుమారు 1,300 ఆస్తుల సేకరణకు పూనుకుంది. వాటిలో ఖాళీ స్థలాలు చాలా ఉన్నా, కాపురాలున్న ఇళ్లూ లేకపోలేదు. బ్లంబర్గ్ వసతి సముదాయంలోని రెండు ఎత్తైన భవనాలను 2016లో పేలుడు పదార్థాలతో కూల్చేశారు. అదే ఏడాది బృందం అక్కడి రిడ్జ్ అవెన్యూలో ‘కమ్యూనిటీ ఫ్యూచర్స్ ల్యాబ్’ తెరిచింది. ల్యాబ్ అన్నా అందులో యంత్రాలేమీ లేవు. వీధివాళ్లు వచ్చి పుస్తకాలు చదువుకునేవారు, ఇంటి హక్కుల గురించి తెలుసుకునేవారు, పేట ముచ్చట్లు చెబితే బృందం రికార్డు చేసేది. పాత రోజుల జ్ఞాపకాలతో ఆగకుండా, ఈ పేట రేపు ఎలా ఉండాలో కూడా అడిగి భద్రపరచడం ఇక్కడి ప్రత్యేకత. పునర్నిర్మాణ పటాల్లో కనబడని ఆ కోరికలు ఇలా నమోదయ్యాయి.

2018 నాటి ‘బ్లాక్ స్పేస్ ఏజెన్సీ’ ప్రాజెక్టులో బృందం అదే నగరపు మరో జ్ఞాపకాన్ని వెలికితీసింది. అక్కడి పాస్టర్ లియాన్ సలివన్ చొరవతో 1968లో నల్లజాతివారి యాజమాన్యంలో ‘ప్రోగ్రెస్ ఏరోస్పేస్’ సంస్థ ఏర్పడింది. సొంత ఇంటి కోసం, పౌరహక్కుల కోసం పోరాడుతున్న రోజుల్లోనే ఆ సమాజం అంతరిక్ష రంగంలోనూ అడుగుపెట్టిందని ఈ ప్రాజెక్టు గుర్తుచేసింది.

తర్వాత బృందం పేరు ఖండాలు దాటింది. 2021లో ఐరోపా కణభౌతిక పరిశోధనాకేంద్రం ‘సెర్న్’ వీరిని అతిథి కళాకారులుగా ఎంపిక చేసింది. 2022లో జర్మనీలోని కాసెల్‌లో జరిగిన ‘డాక్యుమెంటా’ ప్రదర్శనకు, ప్రాచీన నీటిగడియారం స్ఫూర్తితో ఫుల్డా నదిపై వేదిక కట్టారు. జాతికీ, స్థలానికీ, కాలానికీ ఉన్న సంబంధంపై ఫిలిప్స్ రాసిన ‘డిస్‌మాంట్లింగ్ ద మాస్టర్స్ క్లాక్’ 2025లో వెలువడింది.