చేయి విడిచే విద్య

లక్డీకాపూల్ అనగా కట్టె వంతెన. ఆ కట్టె వంతెన ఏనాడో పోయినది; పేరు మాత్రం నిలిచినది. ఇప్పుడక్కడ నేలమీద రైలుబండి, నెత్తిమీద మెట్రోబండి, నడుమ ఎడతెగని ఆటోల రద్దీ. ఆ రద్దీ నుండి రెడ్‌హిల్స్ వైపు మళ్ళే దారిలో ఉదయంపూట కాసేపు నిలబడి చూచినవారికి ఒక దృశ్యం కంటబడుతుంది. చంకనెత్తుకొనే వయస్సు దాటిన బిడ్డను చంకనెత్తుకొని ఒక తల్లి నడిచి వస్తూ ఉంటుంది. బిడ్డ కాళ్ళు ఆమె మోకాళ్ళను తాకుతూ ఉంటాయి. తల ఆమె భుజంమీద నిలువక వాలిపోతూ ఉంటుంది. ఆమె పోయేది నిలోఫర్ ఆసుపత్రికి.

తన పరిచారిక ఒకతె ప్రసవవేళ మరణించగా ఆ దుఃఖం మరువలేక నిజాము కోడలు నిలోఫర్ రాకుమారి తలపెట్టిన ఆసుపత్రి అది. 1953లో వెలసినది. తల్లిని, బిడ్డను చావనీయరాదన్నది దాని సంకల్పం. అయితే చావకుండా కాపాడబడిన ప్రాణం ఎట్లా బ్రతకాలి అన్నది రెండవ ప్రశ్న. పుట్టగానే ఏడవని బిడ్డ, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ వైద్యుల నేర్పువల్ల బ్రతికి బయటపడుతుంది. వారిలో కొందరికి మెదడులో తగిలిన దెబ్బ మాత్రం ఉండిపోతుంది. మెడ నిలువదు, చేయి బిగుసుకొనిపోతుంది, మాట పెగలదు. ఆ రెండవ ప్రశ్నకు జవాబు వెదికేవారే ఫిజియోథెరపిస్టులు, ఆక్యుపేషనల్ థెరపిస్టులు, మాట నేర్పే స్పీచ్ థెరపిస్టులు. వైద్యుని పేరు చీటీమీద ఉంటుంది; వీరి పేరు చాలామంది రోగులకు జ్ఞాపకం కూడ ఉండదు. అట్టి వృత్తిని ఒకరు ఎందుకు కోరుకుంటారు?

ఈ విద్య పెరుగుదల వెనుక రెండు పెద్ద దుఃఖాలున్నవి. ఒకటి యుద్ధం, రెండవది పోలియో. 1894లో ఇంగ్లండులో నలుగురు నర్సులు మర్దనచికిత్సకు ఒక సంఘం స్థాపించినారు. మొదటి ప్రపంచయుద్ధం నుండి క్షతగాత్రులై తిరిగివచ్చిన సైనికులు ఆ పనికి గల అవసరాన్ని లోకానికి చాటినారు. మన దేశంలో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో 1950లో ఆక్యుపేషనల్ థెరపీ బోధనకు నాంది పలికినది కమలా నింబ్కర్. ఆమె అమెరికాలో పుట్టి, భారతీయుని పెండ్లాడి, ఈ దేశపు మనిషిగా మారిన స్త్రీ. 1952లో ఆ నగరాన్ని పోలియో పట్టి పీడించగా మరుసటి సంవత్సరమే అక్కడ ఫిజియోథెరపీ పాఠశాల వెలసినది. హైదరాబాదులో లక్డీకాపూల్ నుండి ఖైరతాబాదు మీదుగా పోతే పంజాగుట్టలో కనిపించే నిమ్స్ కూడ మొదట 1964లో ఎముకల ఆసుపత్రిగా ఆరంభమైనదే.

భారతదేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో కనబడినది. 2014లో దేశం పోలియో రహితమని ప్రకటించబడినది. అయినను వీరి పని తగ్గలేదు. పక్షవాతం, రోడ్డు ప్రమాదాలు, వెన్నుపూస దెబ్బలు పనిని పెంచుతూనే ఉన్నవి. వైద్యశాస్త్రం ఎంత గెలిస్తే వీరికి అంత పని. వెనుక బ్రతకనివారు ఇప్పుడు బ్రతుకుతున్నారు. బ్రతికినవారికి లేచి నిలబడటం ఒకరు నేర్పవలసి ఉన్నది.

ఇక ఎందుకు ఎన్నుకొన్నారన్న ప్రశ్న. ఒక నిజాన్ని దాచి ప్రయోజనం లేదు. మన తెలుగు ఇండ్లలో డాక్టరు చదువు మీద ఉన్న మోజు ఈ చదువుమీద లేదు. వైద్యవిద్యలో సీటు దొరకక ఇటు వచ్చినవారు ఎందరో ఉన్నారు. ఇంటిలో తాతగారికో, తండ్రిగారికో పక్షవాతం వస్తే, ఆయనను మరల నడిపించిన చేతులను దగ్గరగా చూచి వచ్చినవారు కొందరు. ఆటలో మోకాలు దెబ్బతిని, తిరిగి మైదానానికి చేరిన అనుభవంతో వచ్చినవారు మరికొందరు. దారి ఏదైనా తరగతిలో చేరిన నాడు చేసినది ఎన్నిక కాదు. మొదటి సంవత్సరాలలో ఒక రోగి ఎదుట పడతాడు. వారాలు గడుస్తాయి, నెలలు గడుస్తాయి, చేయి కదలదు. ఒకనాడు చూపుడువ్రేలు కొద్దిగా, మిణుకుమన్నట్లు కదులుతుంది. ఇతరులకు అది కనిపించదు. ఆ కదలికను చూచి సంతోషించగలిగినవాడు ఈ వృత్తిలో ఉండిపోతాడు. ఉండిపోవడమే అసలైన ఎన్నిక.

తన దేహంమీదనే ఈ ఎన్నికను చేసుకొన్నవారూ ఉన్నారు. చిత్తూరు జిల్లా దాటగానే వచ్చే రాయవేలూరు ఆసుపత్రిలో మేరీ వర్గీస్ అనే యువవైద్యురాలు 1954లో కారు ప్రమాదంలో వెన్నుపూస దెబ్బతిని నడుము క్రింది భాగమంతా చచ్చుబడి చక్రాల కుర్చీకి పరిమితమైనది. ఆ కుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్స చేసినది. తరువాత అమెరికా పోయి పునరావాస వైద్యం అభ్యసించి, తిరిగివచ్చి వేలూరులో ఆ శాఖను నిర్మించినది. ఎందరో తెలుగు రోగులు ఆ వాకిలి త్రొక్కినవారే. “నీకేమి తెలుసు నా బాధ” అని రోగి అడుగలేని వైద్యురాలు ఆమె.

మంచి థెరపిస్టు రోగిని చూడగానే కండరాన్ని పట్టి చూడడు. ముందు ఒక ప్రశ్న అడుగుతాడు. “పెద్దాయనా, ఏ పని మీ అంతట మీరు చేసుకోవాలని ఉన్నది?” జవాబులు పాశ్చాత్య గ్రంథాలలో దొరికేవి కావు. పప్పన్నం తన చేత్తో కలుపుకొని తినాలని ఒకరు. పీటమీద కూర్చుండి పూజ చేసుకోవాలని ఒకరు. నేలమీద గొంతుకూర్చుండి లేవాలని పల్లె రైతు. చీర కుచ్చిళ్ళు తానే పోసుకోవాలని ఒక ఇల్లాలు. ఆర్టీసీ బస్సు మెట్టు ఎక్కాలని ఒక చిరుద్యోగి. చెంచాతో తినేవాని చేతికి కావలసిన పట్టు వేరు. అన్నం కలిపి ముద్దచేసే అయిదు వ్రేళ్ళ పని వేరు. రోగి చెప్పిన ఆ ఒక్క కోరికను చిన్నచిన్న మెట్లుగా విడదీసి ఒక్కొక్కటిగా నేర్పడమే చికిత్స.

దీనికి శాస్త్రాధారం ఉన్నది. మెదడులో ఒక భాగం చచ్చిపోతే ప్రక్కనున్న భాగాలు అభ్యాసంచేత కొంత పనిని నేర్చుకోగలవు. అయితే అది వందల పర్యాయాలు చేసిన పనివల్ల, అర్థమున్న పనివల్ల సాధ్యమవుతుంది. పక్షవాతం వచ్చిన తొలి నెలలలో కోలుకోవడం వేగంగా ఉంటుంది. ఆ విలువైన నెలలను పసరు మందులకై ఊరూరా తిరుగుతూ పోగొట్టుకొని వచ్చేవారిని చూచి వీరు లోలోన బాధపడతారు. ఎడ్వర్డ్ టాబ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు మంచి చేతిని కదలకుండా కట్టి, చచ్చుబడిన చేతిచేత పనిచేయించే పద్ధతిని రూపొందించినాడు. చేయి పూర్తిగా కదలని రోగికి ఇది పనికిరాదు. కొంత కదలిక ఉన్నవారికి మేలు చేసినది.

ఇక్కడనే వీరికి పెద్ద చిక్కు వస్తుంది. అడ్డుపడేది ద్వేషం కాదు, ప్రేమ. “పాపం, నాన్నగారేం చేస్తారు, నేను కలిపి పెడతానులే” అని కోడలు ముద్దలు చేసి నోట పెడుతుంది. లేవబోతే కొడుకు చంకలక్రింద చేతులు వేసి ఎత్తుతాడు. చచ్చుబడిన చేతిని పట్టి లాగి లేపితే భుజం కీలు జారే ప్రమాదం ఉన్నదని వారికి తెలియదు. అందుచేత థెరపిస్టు రోగికి నేర్పేదానిలో సగం ఇంటివారికి నేర్పవలసి ఉంటుంది. పట్టుకోండి, కాని ఎత్తకండి, దగ్గర నిలబడండి, కాని ముందు పడకండి, ఒలికితే ఒలకనివ్వండి. ఇది వినడానికి కఠినంగా ఉంటుంది. పడిపోకుండా ఉండేటంత దగ్గరలో చేయి ఉంచి, ఆనుకోకుండా ఉండేటంత దూరంలో నిలపడమే వీరి నేర్పు. ఏ క్షణాన పట్టుకోవాలో తెలిసినవారు చాలామంది ఉన్నారు. ఏ క్షణాన విడవాలో తెలియడం అభ్యాసంవల్ల వస్తుంది.

అన్నిటికన్న కష్టమైనది నిజం చెప్పడం. నిలోఫర్ వంటి చోట తల్లి అడిగే ప్రశ్న ఒక్కటే: “అమ్మా, మా బాబు ఎప్పుడు నడుస్తడు?” మెదడు దెబ్బతిన్న బిడ్డ రెండేండ్ల లోపల తనంత తాను కూర్చుండగలిగితే నడిచే అవకాశం ఎక్కువ అని అనుభవం చెపుతుంది. కూర్చుండలేకపోతే ఆశ సన్నగిలుతుంది. నడుస్తాడని అబద్ధమాడితే తల్లి ఏడాది తరువాత రాదు. నడవడని ఒక్క మాటలో చెపితే మరునాడే రాదు. “ముందు కూర్చోబెడదామమ్మా, కూర్చున్నవాడు బడిలో బల్లమీద కూర్చుంటడు” అన్న మాటలో అబద్ధం లేదు, నిరాశ లేదు. అట్టి మాట వెదికి పట్టుకోవడం ఏ పరీక్షలోను అడగరు.

వీరి వృత్తికి గుర్తింపు ఆలస్యంగా వచ్చినది. పునరావాస మండలి చట్టం 1992లో వచ్చినది. ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీలకు దేశమంతటికీ వర్తించే చట్టం 2021లో గాని రాలేదు. జిల్లాలలోని రోగికి ఇంకొక కష్టం ఉన్నది. చికిత్స ఒకనాటి సూదిమందు కాదు. వారానికి మూడుసార్లు రమ్మంటే మూడు దినాల కూలి పోతుంది, బస్సు ఖర్చు మీద పడుతుంది. అందుకే తెలిసినవారు యంత్రాలను నమ్ముకోరు. ఇంటిగోడ, నులకమంచం కోడు, నీళ్ళు నింపిన సీసా, కందులు పోసిన గిన్నె, వీటితోనే చేయదగిన అభ్యాసాలు నేర్పి పంపుతారు. ఆసుపత్రి గదిలో గంట గడిచిపోతుంది. మిగిలిన ఇరువదిమూడు గంటలు ఇంటిలోనే గదా.

చంకనెత్తుకొని వచ్చిన ఆ తల్లి కొన్ని సంవత్సరాల తరువాత అదే దారిలో మరల కనిపించవచ్చును. బిడ్డ నడువకపోవచ్చును, చక్రాల కుర్చీలో నిటారుగా కూర్చుండి, ఒళ్ళోని సంచిని తన చేత్తోనే పట్టుకొని ఉండవచ్చును. తల్లి నడుము వంగలేదు. ఆమె రెండు చేతులు కుర్చీమీద ఉన్నవి. ఆ సంచి పట్టుకొనడం నేర్పినవారు అప్పటికి మరొక గదిలో, మరొక బిడ్డ మెడక్రింద అరచేయి ఉంచి, దాన్ని ఎప్పుడు తీయాలా అని చూస్తూ ఉంటారు.