ఒంటికన్ను కారు: బల్బు మార్చడం మన చేతిలో పనే

రాత్రిపూట రెండు వరసల రోడ్డు మీద ఎదురుగా ఒకే ఒక్క లైటు వస్తోందనుకోండి. మన బుర్ర వెంటనే 'బైకు' అనేస్తుంది. బైకే కదా, పక్కనుంచి పోతుందిలే అనుకుని ముందున్న లారీని దాటడానికి స్టీరింగు తిప్పుతాం. తీరా దగ్గరికొచ్చాక చూస్తే అది బైకు కాదు, కుడి హెడ్‌లైటు పోయిన కారు. మన దేశంలో ఎడమవైపు నడుపుతాం కాబట్టి, వెలుగుతున్న ఆ ఎడమ లైటు మనకు దూరంగా ఉన్నది. మన వైపున్న అయిదడుగుల కారంతా చీకట్లోనే ఉంది.

ఆ కారు నడిపేవాళ్లకి మాత్రం పెద్ద తేడా తెలీదు. మిగిలిన లైటుతో రోడ్డు కనిపిస్తూనే ఉంటుంది. "ఆదివారం షెడ్డుకి తీసుకెళ్దాంలే" అనుకుంటారు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. కారు లైట్లలో ఎక్కువ భాగం మనం చూడటానికి కాదు, మనల్ని ఇతరులు చూడటానికి. బ్రేక్ లైటు నడిపేవాళ్లకి ఎప్పుడూ కనిపించదు. అది పోయిన సంగతి వెనక వస్తున్న బైకు మనిషికే ముందు తెలుస్తుంది, అదీ తెలియకూడని పద్ధతిలో. అందుకే దీన్ని వాయిదా వెయ్యకూడదు. చాలా కార్లలో ఇది పది, పదిహేను నిమిషాల పని కూడా.

ముందు జబ్బేదో తేల్చుకోవాలి

లైటు వెలగకపోతే అన్నిసార్లూ బల్బు తప్పే కాదు. ఒకవైపు మాత్రమే పోతే చాలావరకు బల్బే. రెండువైపులా ఒకేసారి పోతే ముందు ఫ్యూజు, రిలే చూడాలి. మూడు బ్రేక్ లైట్లూ కలిసి పోతే ఫ్యూజో, బ్రేక్ పెడల్ దగ్గరుండే చిన్న స్విచ్చో అనుమానించాలి. ఇండికేటర్ వేస్తే మామూలు కంటే గబగబా కొట్టుకుంటోందా? ఆ వైపు ముందో వెనకో ఒక బల్బు పోయిందని కారే మీకు చెబుతోంది. కరెంటు తగ్గిన సంగతి ఫ్లాషర్ పసిగట్టి వేగం పెంచేస్తుంది. బ్రేకు నొక్కితే ఇండికేటర్ కూడా మసకమసకగా వెలుగుతోందంటే ఎర్తింగ్ సరిగా లేనట్టు. హోల్డర్లో పట్టిన తుప్పు గోకాలి, వైరు బిగించాలి.

ఇంకో సులువైన పరీక్ష ఉంది. ఎడమ బల్బు కుడివైపు, కుడి బల్బు ఎడమవైపు పెట్టి చూడండి. జబ్బు బల్బుతో పాటు అటు మారితే తప్పు బల్బుది. ఉన్నచోటే ఉంటే హోల్డర్‌దో వైరుదో.

మల్టీమీటర్ తీసుకునేవాళ్లకి ఒక్క మాట. 12 వోల్టుల మీద 60 వాట్ల బల్బు అంటే లెక్క ప్రకారం నిరోధం 2.4 ఓమ్‌లు రావాలి. మీటరు మాత్రం ఒక ఓమ్ కంటే చాలా తక్కువ చూపిస్తుంది. కంగారుపడి "షార్ట్ అయింది" అనుకోకండి. టంగ్‌స్టన్ చల్లగా ఉన్నప్పుడు దాని నిరోధం వేడిమీద ఉన్నదాంట్లో పదో వంతు దగ్గరే ఉంటుంది. స్విచ్ వేసిన క్షణంలో కరెంటు ఒక్కసారిగా ఉరికేది, పాత బల్బులు ఎక్కువగా ఆ క్షణంలోనే పోయేది అందుకే. ఫిలమెంట్ తెగితే మాత్రం మీటరు ఏ అంకే చూపించదు.

ఒంటిమీదే పేరు

బల్బు కొనడానికి వెళ్లి "ఆల్టో కారుది ఇవ్వండి" అంటే షాపువాడు ఏదో ఒకటి ఇస్తాడు. మోడల్‌ని బట్టి, సంవత్సరాన్ని బట్టి బల్బు మారుతుంది. కారు మాన్యువల్లో అసలు కోడ్ ఉంటుంది. పాత బల్బు లోహపు అంచు మీద కూడా సన్నటి అక్షరాల్లో చెక్కి ఉంటుంది. ఫోన్లో ఫొటో తీసి పెద్దది చేసి చదవండి.

హెచ్4: ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు, వెనక మూడు రేకులు. హై బీమ్ 60 వాట్లు, లో బీమ్ 55. మన దగ్గర తిరిగే చిన్న కార్లలో చాలావాటికి ఇదే.

హెచ్7: ఒకే ఫిలమెంట్, 55 వాట్లు, రెండు రేకులు. లో బీముకీ హై బీముకీ విడివిడిగా బల్బులుండే కార్లలో కనిపిస్తుంది.

పి21/5డబ్ల్యూ: వెనక వాడే డబుల్ కాంటాక్ట్ బల్బు. పార్కింగ్ లైటుకి 5 వాట్లు, బ్రేకుకి 21. దీని పక్కనుండే రెండు పిన్నులూ ఒకే ఎత్తులో ఉండవు. తిరగేసి పెట్టకుండా ఆ ఏర్పాటు. బలవంతంగా తిరగేసి దూరిస్తే 5 వాట్లు వెలగాల్సిన చోట 21 వాట్లు వెలుగుతాయి. వెనకవాళ్లకి మీరు ఎప్పుడూ బ్రేకు మీదే ఉన్నట్టు కనిపిస్తారు. నిజంగా బ్రేకు వేసినప్పుడు వాళ్లు నమ్మరు.

పివై21డబ్ల్యూ: నారింజ రంగు ఇండికేటర్ బల్బు. మధ్యలో వై అంటే ఎల్లో. పిన్నులు ఎదురెదురుగా ఉండవు, ఒకటి కాస్త పక్కకి జరిగి ఉంటుంది. ఆ హోల్డర్లో తెల్ల బల్బు ఎక్కకుండా చేసిన జాగ్రత్త అది.

డబ్ల్యూ5డబ్ల్యూ: పిన్నులేమీ లేని చిన్న గాజు బల్బు. పార్కింగ్ లైట్లకీ నంబర్ ప్లేటుకీ వాడతారు. నేరుగా లాగితే ఊడొస్తుంది.

హెడ్‌లైట్ మార్చే వరస

ఇంజను ఆపి, తాళం తీసి, పది నిమిషాలు ఆగండి. హాలోజన్ బల్బు గాజు వందల డిగ్రీల వేడెక్కుతుంది. తర్వాత బానెట్ ఎత్తి, హెడ్‌లైటు వెనక ఉన్న కప్లర్‌ని పట్టుకుని లాగండి. వైర్లు పట్టుకుని లాగొద్దు. రబ్బరు టోపీ ఊడదీసి, తీగ క్లిప్పుని నొక్కి పక్కకి తిప్పితే బల్బు చేతికొచ్చేస్తుంది. ఆ క్లిప్పు ఎటు నుంచి ఎటు తిరిగిందో ముందే చూసుకుంటే మళ్లీ పెట్టేటప్పుడు తడుముకోనక్కర్లేదు.

కొత్త బల్బుని లోహపు భాగం దగ్గరే పట్టుకోవాలి. గాజుకి వేలు తగిలితే చర్మం మీది నూనె, ఉప్పు అంటుకుంటాయి. వేడికి ఆ మచ్చ ఉన్నచోట క్వార్ట్జ్ గాజు దెబ్బతిని బల్బు త్వరగా పోతుంది. పొరపాటున తగిలితే సర్జికల్ స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి. హెచ్4 బల్బుకి మూడు చెవులుంటాయి. అవి ఒక్క తీరులోనే కూర్చుంటాయి. కూర్చోకపోతే నొక్కకండి, తిప్పి చూడండి. రబ్బరు టోపీ సరిగా బిగించకపోతే వానాకాలంలో లోపల ఆవిరి పడుతుంది.

వెనక లైట్లకి సాధారణంగా డిక్కీ తెరిచి రెండు స్క్రూలు విప్పితే సెట్టు బయటికొస్తుంది. హోల్డర్ తిప్పి తీసి, బల్బుని లోపలికి నొక్కుతూ ఎడమవైపు తిప్పాలి. కొన్ని కార్లలో ముందు బంపరు విప్పితే గానీ చెయ్యి దూరదు. అలాంటప్పుడు మెకానిక్ దగ్గరికెళ్లడమే మేలు. జెనాన్ లైట్లుంటే అసలు ముట్టుకోవద్దు, వాటిలో వేల వోల్టులుంటాయి. కంపెనీ నుంచే ఎల్‌ఈడీ లైట్లతో వచ్చిన కార్లలో చాలావరకు మార్చడానికి విడిగా బల్బే ఉండదు.

"90/100 వేసెయ్ అన్నా"

షాపులో ఈ మాట వినని రోజుండదు. లెక్క చూద్దాం. 60 వాట్లకి తీగలో దాదాపు 5 ఆంపియర్లు పోతే, 100 వాట్లకి 8.3 పోతాయి. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అది దాదాపు 2.8 రెట్లవుతుంది. ముందు కప్లర్ కరుగుతుంది, తర్వాత రిఫ్లెక్టర్ మాడుతుంది.

హాలోజన్ హెడ్‌లైట్లో ఎల్‌ఈడీ బల్బు పెట్టేవాళ్లు ఇంకో సంగతి మర్చిపోతారు. హెచ్4 లోపల హై బీమ్ ఫిలమెంట్ రిఫ్లెక్టర్ నాభి దగ్గర ఉంటుంది. లో బీమ్ ఫిలమెంట్ దానికి కాస్త ముందుంటుంది, దాని కింద ఒక చిన్న రేకు డొప్ప ఉంటుంది. రిఫ్లెక్టర్ కింది సగానికి వెలుగు పోకుండా ఆ డొప్ప అడ్డుకోవడం వల్లే లైటు ఎదుటివాళ్ల కళ్లలో పడకుండా రోడ్డు మీదికి దిగుతుంది. వెలుగు పుట్టే చోటు ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయితే ఈ లెక్కంతా తప్పుతుంది. మనకి రోడ్డు తెల్లగా మెరుస్తుంది, ఎదురొచ్చేవాళ్లకి కళ్లు బైర్లు కమ్ముతాయి. కాబట్టి కోడ్ ఒకటే ఉండాలి, వాట్లూ అవే ఉండాలి. ఆ రెండూ సరిపోతే పేరున్న కంపెనీది ఏదైనా ఫర్వాలేదు.

బల్బు పెట్టాక కారుని గోడకి ఎదురుగా నిలబెట్టి లో బీమ్ వేయండి. రెండువైపులా వెలుగు పైఅంచు ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి పైకి పోతే బల్బు సరిగా కూర్చోలేదన్నమాట. రెండు హెడ్‌లైట్ బల్బులూ ఒకే వయసువి కాబట్టి, ఒకటి పోయినప్పుడు రెండూ మార్చేసి బాగున్న పాతదాన్ని డ్యాష్‌బోర్డులో దాచుకోవడం మంచిది.

ఇక నెలకోసారి రెండు నిమిషాలు చాలు. ఇంట్లో ఎవరినైనా వెనక నిలబెట్టి బ్రేకు, రివర్సు, ఇండికేటర్లు వేసి అడగండి. ఎవరూ లేకపోతే చీకటి పడ్డాక గోడకి వీపు పెట్టినట్టు కారు ఆపి బ్రేకు తొక్కి, గోడ మీద పడే ఎరుపుని అద్దంలో చూసుకోండి. రెండు వైపులా సమానంగా ఉంటే బయల్దేరొచ్చు.